బొబ్బిలి కోట చూడాలని బస్సెక్కేవాళ్లకు

విజయనగరం నుంచి చిన్న బస్సులో పాతిక మందిని పాత యుద్ధ స్మారకాలకు తిప్పి తీసుకురావడం నా పని. ఒక రోజు బొబ్బిలి, ఇంకో రోజు పద్మనాభం. సీటు కోసం ఫోన్ చేసినవాళ్లు ముందు అడిగేది ఒకటే. "యుద్ధం జరిగిన కోట లోపలికి తీసుకెళ్తారా?"

తీసుకెళ్లలేను. ఆ కోట లేదు.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేల్చింది ఒక మట్టికోట మీద. నాలుగు మూలలా బురుజులు, చుట్టూ దట్టమైన అడవి. ఆ కోట ఆ రోజుతోనే నాశనమైపోయింది. ఇప్పుడు బొబ్బిలిలో మనకు కనిపించే ఎత్తు గోడలు, సింహద్వారం, దర్బారు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ రూపానికి వచ్చినవి. అప్పటి బొబ్బిలి రాజు రంగారావు ఆ గోడల వెనక నిలబడి పోరాడలేదు. అది రాజకుటుంబం సొంత ఆస్తి, యుద్ధభూమి కాదు.

ఇదేదో చిన్న పొరపాటులే అని వదిలేయలేను, ఎందుకంటే జనం రోజంతా పోగొట్టుకునేది దీనివల్లే. రాజుగారి కోట ముందు ఫొటోలు దిగి, "అబ్బ, ఇక్కడేనట" అనుకుని, దారిలో భోంచేసి ఇళ్లకు పోతారు. పాత కోట ఉన్న చోట 1891లో నిలబెట్టిన స్మారక స్తంభం వైపు తొంగి కూడా చూడరు. ఒక ట్రావెల్స్ వాళ్ల కరపత్రంలో "కోటలో యుద్ధభూమి సందర్శన" అని అచ్చేసి ఉండటం నేనే చూశాను. వాళ్లనేం అంటాం? మొదటి ట్రిప్పులో నేనూ అదే చేశాను. కోట గేటు దగ్గర అరగంట నిలబెట్టి, తెలిసిందీ తెలియందీ కలిపి చెప్పేశాను. వెనక వరసలోంచి ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు నెమ్మదిగా, "బాబూ, మనం సరైన చోట ఉన్నామంటావా?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

ఇప్పుడు బస్సు ముందు స్తంభం దగ్గరే ఆగుతుంది. అక్కడ చూడటానికి ఏముంది అంటారు. నిజమే, ఒక స్తంభం, అంతే. అందుకే అందరినీ కూర్చోబెడతాను. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లను, పిల్లలను తమ చేతులతోనే చంపుకుని, ఇళ్లకు నిప్పు పెట్టి, చచ్చేదాకా పోరాడారని చెబుతాను. రంగారావు పసికొడుకు ప్రాణాలతో బయటపడ్డాడనీ చెబుతాను. అది వింటే అంతవరకూ చిప్స్ ప్యాకెట్లు చించుకుంటున్న పిల్లలు కూడా చేతులు ఆపేస్తారు. కోట గోడ ముందు ఇదే కథ చెబితే అందరి చూపులూ గోడ మీదే ఉంటాయి.

ఇంకో గందరగోళం విజయనగరం రాజుల్లో విజయరామరాజు అనే పేరుతో. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య చంపిన విజయరామరాజు, పద్మనాభంలో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడి పడిపోయిన విజయరామరాజు ఒకరే అనుకుంటారు. కాదు. మొదటాయన పెద్ద విజయరామరాజు. బుస్సీ పక్కన ఉన్నవాడు, బొబ్బిలి యుద్ధమైన కొద్ది రోజులకే గుడారంలో పాపయ్య చేతిలో పోయాడు. రెండో ఆయన చిన విజయరామరాజు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు పేష్‌కష్ (కప్పం) బకాయిలంటూ పీకల మీద కూర్చుని, చివరికి భరణం తీసుకుని మచిలీపట్నం పొమ్మన్నారు. ఆయన పోలేదు. 1794 జూలై 10 తెల్లవారుజామున కంపెనీ సేనాని ప్రెండర్‌గాస్ట్ దళం వచ్చి పడింది. గంటలోపే అయిపోయింది. రెండు చావుల మధ్య ముప్పై ఏడేళ్లు.

బొబ్బిలిలో తెల్లవాళ్లంటే ఇంగ్లీషువాళ్లు కారు, ఫ్రెంచివాళ్లు. పద్మనాభం మండలం ఉన్నది విశాఖ జిల్లాలో, మన జిల్లాలో కాదు. ఇక ఏ కులం గొప్పదో తేల్చే వాట్సాప్ మెసేజీలు బస్సులో బయటికి చదవద్దని టికెట్ ఇచ్చేటప్పుడే చెబుతున్నాను. ఒకసారి గజపతినగరం దాటేలోపే రెండు సీట్లు మార్చాల్సొచ్చింది.

భయపడి అడిగేవాళ్లను మాత్రం విసుక్కోను. పోయినేడు ఒక మామ్మ బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, "బాబూ, సచ్చిపోయిన సోటు సూసి గుడికెల్తే మైల కాదేటి?" అంది. మనవడు నవ్వాడు, నేను నవ్వలేదు. పద్మనాభంలో కొండ మీద అనంత పద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి, అదే ఊళ్లో రాజుగారి స్మారకం. ఊరివాళ్లు రోజూ రెండింటి ముందు నుంచీ తిరుగుతారు, వాళ్లకు మైల లేదు. అయినా ఆవిడ మనసు కుదుటపడాలి గదా. అందుకని క్రమం మార్చాను. చల్లటి పూట కొండ మెట్లు, దర్శనం, ఆ తరవాతే స్మారకం. మెట్లు వెయ్యికి పైనే కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇదే నయం కూడా.

మామ్మ కొండెక్కలేదు. కింద గుళ్లో దండం పెట్టుకుని మా కంటే ముందే స్మారకం దగ్గరికి పోయి కూర్చుంది. మేం దిగి వచ్చేసరికి తన సీసాలో నీళ్లు దాని మొదట్లో పోస్తోంది. ఎందుకు మామ్మా అంటే, "తెల్లారకుండానే వచ్చి పడ్డారన్నావు గదా, గుక్కెడు మంచినీళ్లయినా తాగాడో లేదో" అంది.