ఎఫ్‌ఎం గొంతులకు వార్తలెందుకు లేవు?

ప్రైవేటు ఎఫ్‌ఎంలో పనిచేసే అనౌన్సర్ పాటను పరిచయం చేయవచ్చు, శ్రోతను నవ్వించవచ్చు, ట్రాఫిక్ ఎక్కడ ఆగిపోయిందో చెప్పవచ్చు. సొంతంగా వార్తలు మాత్రం చదవకూడదు. ఆకాశవాణిలో ఉన్న న్యూస్‌రీడర్ అనే కొలువు అక్కడ పుట్టనే లేదు.

దీని వేర్లు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో ఉన్నాయి. తంతి వ్యవస్థపై ప్రభుత్వానికే పూర్తి హక్కు ఇచ్చిన ఆ చట్టం కిందికే తర్వాత రేడియో కూడా వచ్చింది. 1927లో ప్రసారాలు మొదలుపెట్టిన ప్రైవేటు సంస్థ మూడేళ్లకే మూతపడగా ప్రభుత్వం ఆ పని చేపట్టింది. 1936లో దానికి ఆలిండియా రేడియో అని పేరు పెట్టింది. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది.

ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన పన్యాల రంగనాథరావు, జోళిపాళెం మంగమ్మ వంటివారి గొంతులు ఇంటింటా పరిచయమే. అయితే చదవడం ఆ ఉద్యోగంలో సగమే. ఇంగ్లిష్‌లో వచ్చిన వార్తలను గడియారం చూసుకుంటూ తెలుగు చేయాలి. చెవికి ఒక్కసారికే అర్థమయ్యేలా వాక్యాన్ని విరవాలి. కొత్త విదేశీ పేరు వస్తే ఉచ్చారణ తేల్చుకోవాలి. పది నిమిషాల బులెటిన్ వెనుక ఇంత పాండిత్యం ఉండేదని ఈనాటి శ్రోతలకు తెలియాలి. కానీ ఏది వార్త అన్న నిర్ణయం వారిది కాదు, అది ప్రభుత్వ అదుపులో ఉండేది. 1975 ఎమర్జెన్సీలో ఆ లోపం దేశమంతటికీ వినిపించింది. స్వయంప్రతిపత్తి కోసం బి.జి. వర్గీస్ కమిటీ 1978లో సిఫారసులు చేసినా, ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే స్వతంత్ర సంస్థ ప్రసార భారతి ఏర్పడేసరికి 1997 వచ్చింది.

ఈలోగా 1995లో, ఒక క్రికెట్ టోర్నీ ప్రసారంపై వచ్చిన కేసులో, గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. 2001లో ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చింది, వార్తలు లేకుండానే. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా ప్రసారం చేయడానికి 2011 విధానం వీలిచ్చింది, 2019లో అది అమలులోకి వచ్చింది. వాతావరణం, నీటి సరఫరా, పరీక్షల సమాచారం, ప్రకృతి విపత్తుల వివరాలను ఆ విధానం వార్తలుగా లెక్కించదు. అంటే రోడ్డు మునిగిందని చెప్పవచ్చు, కాలువ పనులు ఎందుకు ఆగాయో చెప్పే బులెటిన్ మాత్రం ఇవ్వకూడదు. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. భద్రత, పర్యవేక్షణ కష్టమన్నవి ప్రభుత్వం చెబుతూ వచ్చిన కారణాలు. ఇరవైనాలుగు గంటల టీవీ వార్తలకు అడ్డురాని భయం రేడియోకే ఎందుకు?

గంటకు పది నిమిషాల వరకు వార్తలకు అనుమతించాలని 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. ఆ అనుమతి వచ్చినా, విలేకరులనూ సంపాదకులనూ నియమించే ఖర్చుకు స్టేషన్ యాజమాన్యాలు సిద్ధపడాలి. లేదంటే ఎక్కడో రాసిన ఒకే బులెటిన్‌ను అన్ని ఊళ్లలోనూ చదివించడం తప్ప స్థానిక వార్త అనేది పుట్టదు.