రేడియేషన్ జబ్బుకు బొగ్గు మందు కాదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పెంపుడు జంతువుకో పశువుకో యాక్టివేటెడ్ చార్‌కోల్ (విషాన్ని పట్టేసేలా ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుపొడి) తాగిస్తే ఒంట్లోని రేడియేషన్‌ను పీల్చేస్తుంది.

ప్రాణాల మీదికి తెచ్చే మాట ఇది. బొగ్గు పనిచేసేది జీర్ణాశయంలో, పేగుల్లో ఇంకా మిగిలున్న విషం మీద. గామా కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతూ ఎముక మూలుగను, పేగు పొరను దెబ్బతీస్తాయి. బయటికి లాగడానికి లోపల ఏమీ మిగలదు. కిరణాలు తగిలిన కుక్క మొదటి రోజు వాంతులు చేసుకుని, ఆపై కోలుకున్నట్టే కనిపిస్తుంది. అది బొగ్గు గుణమని నమ్మి చికిత్స ఆపేస్తారు. తర్వాతి వారాల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి జ్వరం, రక్తస్రావం మొదలవుతాయి. అప్పుడు నిలబెట్టేవి సెలైన్, యాంటీబయాటిక్స్, రక్తమార్పిడి, మూలుగను ప్రేరేపించే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు. మొదటి రోజు నుంచే రక్తంలో లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) లెక్కించాలి. అవి ఎంత త్వరగా పడితే దెబ్బ అంత పెద్దది.

అపోహ: కలుషితమైన మేత తింటే బొగ్గు చాలు.

అణు ప్రమాదాల్లో వెలువడే రేడియోధార్మిక సీజియం-137 లవణ రూపంలో ఉంటుంది, బొగ్గుకు దాదాపు అంటదు. దాన్ని పేగుల్లో పట్టేది ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు సమ్మేళనం. 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత నార్వేలో గొర్రెలకు, రెయిన్‌డీర్లకు ఆ కోవ సమ్మేళనాన్ని ఉప్పు దిమ్మెల్లోనూ, కడుపులో నిలిచే గుళికల్లోనూ ఇచ్చారు. అదీ పాలు, మాంసంలో సీజియం తగ్గించడానికే తప్ప మూలుగను బాగుచేయదు. రేడియోధార్మిక అయోడిన్-131కి వాడేది పొటాషియం అయోడైడ్, అదీ వేళకు పడితేనే.

అపోహ: మేలు లేకపోయినా కీడు లేదు.

ఉంది. వాంతులవుతున్న, మగతగా ఉన్న జంతువుకు పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. సార్బిటాల్ (విరేచనకారి తీపి పదార్థం) కలిపినదైతే విరేచనాలై, రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు రావచ్చు. నోటి ద్వారా ఇచ్చిన మందులనూ బొగ్గు పట్టేసుకుంటుంది. కిలో బరువుకు 1-3 గ్రాములు, గ్రాముకు 5-10 మి.లీ. నీళ్లు అనే కొలత బొగ్గుకు అంటుకునే విషాలు తిన్న గంటా రెండు గంటల్లో, మెలకువగా ఉండి మింగగలిగే జంతువుకు. పొయ్యిలో బొగ్గు నూరితే అది యాక్టివేటెడ్ కాదు.

భయంలో చేతికందింది తాగించాలనిపించడం సహజమే. జంతువు మీద రేడియోధార్మిక ధూళి పడిందని అనుమానముంటే ఆ చేతులకు వేరే పనుంది. గ్లోవ్స్, మాస్క్ వేసుకోండి. దుమ్ము లేవకుండా ముందు తడిగుడ్డతో తుడవండి, ఆపై గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడగండి. చర్మం గీరుకుపోయేలా రుద్దొద్దు. ఆరేదాకా ఒళ్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ కట్టండి. ఆరుబయటి మేత, నీళ్లు మానిపించి, కప్పి ఉంచినవే పెట్టండి.