సంక్రాంతికి కట్టెలు కొట్టబోయే పిల్లలకు

నాయనా, అమ్మణ్ణీ,

సెలవుల్లో మామిడి తోటలో ఎండుకొమ్మలు దించుదాం. కార్తీకం వానలు పోయాయి. ఇప్పుడు కొట్టి ఆరేస్తే వైశాఖానికల్లా పొయ్యిలోకి వస్తాయి.

తొడలావు కొమ్మను పైనుంచి ఒక్క కోతలో తెంపబోతే, సగం తెగగానే బరువుకు వంగి, కింది బెరడును మానుదాకా చీల్చుకుంటూ పడుతుంది. ఆ గాయంలో నీళ్లు చేరి మాను కుళ్లుతుంది. అందుకే మానుకు మూరెడు దూరంలో ముందు కింది నుంచి మూడోవంతు కోయండి. అక్కడికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా తెగిపడుతుంది. మిగిలిన మొండిని తర్వాత తీయొచ్చు. చెట్టును మొదలంటా కొట్టే ఆలోచన వద్దు. సొంత పొలంలోవైనా చాలా రకాల చెట్లకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి. గట్టు మీది ఎర్రచందనం జోలికి అసలే పోవద్దు.

ముక్కలు అడుగున్నర ఉంటే చాలు. మొద్దు తెగిన ముఖం మీద నడిమి నుంచి అంచుకు సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. గొడ్డలి ఆ నెర్రె మీద పడాలి. లావు మొద్దయితే నడిమిన కొట్టకుండా అంచుల నుంచి పలకలుగా తీయండి. ముడి మీద కొడితే గొడ్డలి కరుచుకుంటుంది. అటూ ఇటూ ఊపితే కామ, అంటే గొడ్డలి పిడికర్ర, విరుగుతుంది. కామ కొసను అరచేత్తో పైనుంచి కిందికి తట్టండి, వచ్చేస్తుంది. చింత మొద్దు పీచు మెలితిరిగి ఉంటుంది, దానికి ఇనుప చీలా సమ్మెటా కావాలి. కాళ్లు ఎడంగా పెట్టి, ముక్కను ఇంకో మొద్దు మీద నిలబెట్టి కొట్టండి. గురి తప్పినా గొడ్డలి కింది మొద్దులో దిగుతుంది.

ఎండకు కామ ఆరి గొడ్డలి తల వదులవుతుంది. రాత్రంతా నీళ్లలో నానేస్తే పొద్దునకు బిగుస్తుందని చెప్పేవాళ్లున్నారు. బిగుస్తుంది, నిజమే. ఉబ్బిన కర్ర ఇనుప కంతలో నలిగి, మళ్లీ ఆరాక మునుపటికంటే వదులవుతుంది. తల దగ్గర కామ కొసలో కొత్త చీల దిగ్గొట్టడమే మేలు.

బండికెత్తేటప్పుడు బరువు ఇరుసు మీద, ఒక్క పిసరు ముందుకు ఉండాలి. వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులకు పట్టీలు బిగుస్తాయి. మరీ ముందుకు పడితే మెడలు ఒరుసుకుపోతాయి. ఎత్తడం అయ్యాక, ఎద్దులను కట్టకముందే నొగ పట్టుకుని ఎత్తి చూడండి. ఒక మనిషి కాస్త కష్టపడి ఎత్తగలిగితే సరిపోయినట్టే. లావు దుంగలు అడుగున, పుల్లలు పైన. ట్రాక్టరయితే దుంగలు వెనక్కి వేలాడకూడదు, ముందు చక్రాలు తేలిపోతాయి. దిగుడులో న్యూట్రల్ వేయనే వేయకూడదు.

ఇంటి దగ్గర జానెడెత్తు రాళ్ల మీద పేర్చండి, నేలకు తగిలితే చెద పడుతుంది. పైన మాత్రమే పట్ట కప్పండి. పక్కలు మూస్తే గాలి ఆడక బూజు పడుతుంది. రెండు కట్టెలు కొట్టి చూస్తే ఎండినవి ఖణేలుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. పాత వామిలో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి, తేళ్లుంటాయి.

వంక గట్టున సర్కారు తుమ్మ కూడా కొట్టాలి. దాని ముల్లు హవాయి చెప్పుల్లోంచి నేరుగా దిగుతుంది. బూట్లు మరిచిపోకుండా తెచ్చుకోండి.

మీ తాత,
పాకాల