కొత్త సైకిల్ కొంటున్నారా? వైజాగ్ సైకిల్ షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఎంవీపీ కాలనీలో చిన్న సైకిల్ షాపు నాది. అమ్మకాల కంటే రిపేర్లే ఎక్కువ. అందుకే కొనేటప్పుడు జనం ఏం అడుగుతారో, ఆరు నెలలయ్యాక ఏ బాధతో తిరిగొస్తారో రెండూ చూస్తుంటాను. ఈ ఊళ్లో రోజూ ఆఫీసుకి తొక్కే సైకిల్‌కి రెండే గట్టి పరీక్షలు: ఎత్తులు, ఉప్పుగాలి. కొనడానికి వచ్చినవాళ్లు ఈ రెండూ తప్ప అన్నీ అడుగుతారు.

అపోహ: గేర్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది

వాస్తవం: 21 గేర్లంటే ముందు పెడళ్ల దగ్గర మూడు పళ్లచక్రాలు (చైన్‌వీళ్లు), వెనక చక్రానికి ఏడు. మూడేళ్లు ఇరవై ఒకటి, అంతే లెక్క. షాపుల్లో ఎక్కువగా కనిపించే రకంలో ముందు 48, 38, 28 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఉంటాయి. ముందు 48, వెనక 24 వేసి తొక్కండి. తర్వాత ముందు 28, వెనక 14 వేయండి. రెండుసార్లూ పెడల్ ఒక్క చుట్టుకి చక్రం రెండు చుట్లే తిరుగుతుంది. అంటే ఒకే గేరుని రెండుసార్లు లెక్కబెట్టి అమ్ముతున్నారన్నమాట. దాదాపు ఇలాంటి జతలు ఇంకా ఉన్నాయి.

అడగాల్సింది అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలిక అని. గేరు లేని సైకిల్‌కి ముందు 44, వెనక 18 పళ్లు ఉన్నాయనుకోండి. 26 అంగుళాల చక్రమైతే పెడల్ ఒక్క చుట్టుకి దాదాపు 5 మీటర్లు పోతుంది. అదే ముందు 28, వెనక 28 అయితే 2 మీటర్లే. బీచ్ రోడ్డు నుంచి సిరిపురం ఎక్కాలన్నా, హనుమంతవాక నుంచి జూ మీదుగా ఎండాడ ఎక్కాలన్నా మోకాళ్లని కాపాడేది ఆ రెండు మీటర్ల గేరే. గాజువాక, మల్కాపురం వైపు చదునుగా తిరిగేవాళ్లకీ, ఉక్కునగరం లోపలే తిరిగేవాళ్లకీ మాత్రం గేరు లేని సైకిలే హాయి. చెడిపోవడానికి అందులో ఏముంది గనక?

నన్నడిగితే ముందు ఒకటే చైన్‌వీల్, వెనక ఏడో ఎనిమిదో గేర్లు, వెనక పెద్ద పళ్లచక్రం 32 లేదా 34 పళ్లది ఉన్న సైకిల్ చూపిస్తాను. ముందు గేర్లు మార్చే ఎడమ చేతికి పని ఉండదు, ముందు చైను పడిపోయే గొడవా తగ్గుతుంది.

అపోహ: గుంతల రోడ్లు కదా, ముందు షాకబ్జార్బర్ తప్పనిసరి

వాస్తవం: తక్కువ ధర సైకిళ్లకి వచ్చే షాకబ్జార్బర్ ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కవ్వ, రెండు కిలోలకి పైనే తూగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీ కాలి బలం కొంత ఆ స్ప్రింగుని నొక్కడానికే పోతుంది. ఏడాది ఉప్పుగాలికి లోపల బిగుసుకుపోయాక అది ఊరికే మోసే ఇనుము. గుంతలకి మందు టైరు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, మధ్యలో నున్నగా ఉన్న టైరు తీసుకోండి. బుడిపెల టైరు మట్టిదారికి పనికొస్తుంది, తారురోడ్డు మీద గుయ్‌మని మోత, అదనపు శ్రమ.

గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూసి ‘చాల్లే’ అనుకుంటే కుదరదు. గాలి తక్కువున్న చక్రం గుంతలో పడితే ట్యూబుకి పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అవి చూడగానే మేకు గుచ్చుకోలేదు, గాలి కొట్టించలేదు అని చెప్పేస్తాను. పాపం, చాలామంది రోడ్డుని తిడుతూ వస్తారు.

అపోహ: అల్యూమినియం ఫ్రేమైతే తుప్పు బెంగ లేదు

వాస్తవం: ఫ్రేముకి ఎర్ర తుప్పు రాదు, నిజమే. కానీ చైను, కేబుళ్లు, బోల్టులు, చాలా సైకిళ్లలో స్పోకులు కూడా ఇనుమువే. ఒకాయన ఇల్లు బీచ్‌కి ఎదురుగా, సైకిల్ బాల్కనీలో. "ఏటన్నా, అల్యూమినియం అని చెప్పే కదా ఇచ్చావు, రెండు నెలలకే ఇలాగైపోయింది" అంటూ తెచ్చాడు. ఫ్రేము పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. చైను మాత్రం తీసి బల్ల మీద పెడితే వంగిన చోట వంగినట్టే నిలబడింది, లింకులు కదిలితేగా!

ఇంకో చిక్కు ఉంది. అల్యూమినియం ఫ్రేములో ఇనుప సీటు రాడ్డు ఉంటే, ఉప్పు తేమ చేరాక ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి రాడ్డు లోపలే పట్టేస్తుంది. తర్వాత ఎంత లాగినా రాదు. అందుకే కొన్నరోజునే షాపువాడి చేత సీటు రాడ్డు బయటికి తీయించి, గ్రీజు రాయించి, మళ్లీ పెట్టించుకోండి. రెండు నిమిషాల పని. అడగకపోతే ఎవరూ చేయరు.

బీచ్ రోడ్డులో రోజూ తిరిగేవాళ్లు వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, ఆరాక చైను లింకుకో చుక్క చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. కొబ్బరినూనె వద్దు, జిడ్డు కట్టి ఇసుకని పట్టుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయడమూ వద్దు, అది నాలుగు రోజుల్లో ఆరిపోతుంది.

అపోహ: డిస్క్ బ్రేకు లేకపోతే సైకిల్ ఆగదు

వాస్తవం: రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో నొక్కే వీ-బ్రేకు సరిగ్గా బిగిస్తే ఊళ్లో తిరగడానికి చాలు, రబ్బర్లు మార్చడం కూడా తేలిక, చవక. వానాకాలంలోనూ బరువు వేసుకుని ఎండాడ దిగేవాళ్లకి మంచి డిస్క్ బ్రేకు ఉపయోగమే, కాదనను. కానీ చవక డిస్కు ఇరుకు పార్కింగులో పక్క బండి తగిలితే చాలు వంగుతుంది, చక్రం తిరిగినంతసేపూ రాసుకుంటూ ఉంటుంది. ఒక కుర్రాడు బ్రేకు కీచుమంటోందని డిస్కు మీద నూనె పోసుకుని వచ్చాడు. శబ్దం పోయింది, బ్రేకూ పోయింది. ప్యాడ్లు కొత్తవి వేయాల్సి వచ్చింది.

అపోహ: సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ నేలకి పూర్తిగా ఆనాలి

వాస్తవం: నా దగ్గరకొచ్చే మోకాలి నొప్పుల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే. సీటు అంత కిందికి ఉంటే తొక్కినంతసేపూ మోకాలు బాగా మడిచే ఉంటుంది. ఇలా చూసుకోండి: గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. కాలు అప్పుడు నిటారుగా ఉండాలి. పాదం ముందుభాగంతో తొక్కేసరికి మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడాలి. మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది.

ఫ్రేము సైజుకి వేరే పరీక్ష. చెప్పులతో కాకుండా రోజూ వేసుకునే బూట్లతో వచ్చి, ఫ్రేము పై రాడ్డుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడండి. రాడ్డుకీ మీకూ మధ్య రెండు మూడు అంగుళాల సందు ఉండాలి. సందు లేకపోతే ఆ సైకిల్ మీకు పెద్దది, సీటు ఎంత దించినా లాభం లేదు. "పిల్లాడు ఎదుగుతాడు కదా, పెద్దది ఇచ్చేయండి" అనే నాన్నలకి కూడా ఇదే చెబుతాను. వినేవాళ్లు తక్కువ.

అపోహ: మెత్తటి వెడల్పాటి సీటైతే నొప్పి ఉండదు

వాస్తవం: పావుగంట వరకే. తర్వాత తొడలు ఒరుసుకుంటాయి.

అపోహ: ఎలక్ట్రిక్ సైకిల్‌కి లైసెన్సు కావాలి

వాస్తవం: మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఎత్తుల మీద ఉండేవాళ్లకి మంచి దారే. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు లేకపోతే మాత్రం కొనేముందు ఆ బరువుని ఒక్కసారి చేతులతో ఎత్తి చూడండి.

అపోహ: ఆన్‌లైన్‌లో వచ్చిన సైకిల్‌ని మనమే బిగించుకోవచ్చు

వాస్తవం: ఓపిక, సరైన పానాలు ఉంటే బిగించుకోవచ్చు. కానీ ఎడమ పెడల్ మర మిగతావాటికి ఉల్టా ఉంటుందని చాలామందికి తెలీదు. పెడళ్ల మీద ఎల్, ఆర్ అని రాసి ఉండేది అందుకే. బలవంతంగా తిప్పితే క్రాంకులో, అంటే పెడల్ బిగించే చేతిలో, మర అరిగిపోయి, క్రాంకే మార్చాల్సి వస్తుంది. మొన్నొకరు సైకిల్ వంకరగా పోతోందని తెచ్చారు. చూస్తే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది, ముందు బ్రేకు ఫ్రేము రాడ్డు వైపు చూస్తోంది. అలాగే మద్దిలపాలెం నుంచి తొక్కుకుంటూ వచ్చారట!

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన డబ్బుతో మడ్‌గార్డులు, వెనక ఎర్ర లైటు, గట్టి తాళం కొనుక్కోండి. కొన్న నెలకి ఒకసారి షాపుకి తీసుకెళ్లండి. కొత్త కేబుళ్లు సాగుతాయి, స్పోకులు వదులవుతాయి. అప్పుడే చక్రం బెండు తీయిస్తే పావుగంట పని, ఆరు నెలలు ఆగితే రిమ్ము మార్చే పని.