విటమిన్ పి నుంచి బీట్‌రూట్ పొడి దాకా

"రక్తనాళాలకు మేలు" అని రాసి ఉన్న మొక్కల సప్లిమెంట్ డబ్బాలను తిప్పి చూస్తే, వెనక చిన్న అక్షరాల్లో తరచుగా ఫ్లేవనాయిడ్లో (పండ్లు, ఆకుల్లో ఉండే ఒక జాతి రసాయనాలు) నైట్రేటో కనిపిస్తాయి. రెండూ అక్కడికి చేరిన దారులు వేరు. మొదటి దారి పాతది.

విటమిన్ సి లోపిస్తే నాళాల గోడను పట్టి ఉంచే కొల్లాజెన్ సరిగ్గా తయారవదు. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, చర్మం కింద మచ్చలు పడతాయి. ఈ విటమిన్‌ను వేరుచేసిన హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గికి ఒక చిక్కు ఎదురైంది. చర్మం కింద రక్తం చిమ్మే కొందరు రోగులకు శుద్ధమైన సి ఇస్తే గుణం కనిపించలేదు. నిమ్మరసం, ఎర్ర మిరప సారం ఇస్తే కనిపించింది. అంటే ఆ సారంలో ఇంకేదో ఉండాలి. 1936లో ఆయన బృందం దానికి విటమిన్ పి అని పేరు పెట్టింది. పి అంటే పర్మియబిలిటీ, అంటే సన్నని నాళాల గోడలోంచి ద్రవం బయటికి ఊరడం. అందులో ఉన్నవి ఫ్లేవనాయిడ్లు.

ఆ ఫలితాలు తర్వాతి ప్రయోగాల్లో నిలవలేదు. 1950లో అమెరికా శాస్త్ర సంఘాలు ఆ పేరే వాడొద్దన్నాయి. పేరు పోయింది గానీ సరుకు పోలేదు. రుటిన్, హెస్పెరిడిన్, డయోస్మిన్ మాత్రలుగా బతికే ఉంది. కాళ్ల సిరలు ఉబ్బినవారికి బరువు, వాపు కొంత తగ్గుతాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి కూడా. అయితే అది సిరల సంగతి. గుండెపోటు తెచ్చేది ధమనుల్లో పేరుకునే కొవ్వు. ప్రకటనల్లో మాత్రం రెండూ కలిసి "రక్తప్రసరణ" అయిపోతాయి. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే మాట అదే.

రెండో దారి 1980లో తెరుచుకుంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కలతో పనిచేస్తూ, లోపలి పల్చటి పొర చెరిగిపోతే నాళం సడలడం మానేస్తుందని గమనించాడు. ఆ పొర వదిలే సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998లో ఆయనతో పాటు ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. ఇక నాళం ఎంత విచ్చుకుంటుందో కొలవడం పరిశోధకులకు అలవాటైంది, అమ్మకందారులకు వరమైంది.

బీట్‌రూట్‌కు పేరొచ్చింది ఇక్కడే. 2008లో లండన్‌లో ఆరోగ్యవంతులకు అరలీటరు రసం తాగిస్తే, కొన్ని గంటల్లో పై బీపీ సుమారు 10 పాయింట్లు తగ్గింది. లాలాజలం మింగకుండా ఉమ్మేయమంటే ఆ తగ్గుదల రాలేదు! రసంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చేది నోట్లోని బ్యాక్టీరియా; మింగాక ఆ నైట్రైటే ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. వాటిని చంపే మౌత్‌వాష్ వాడినా ఈ పని దెబ్బతింటుంది.

ఈ మధ్యలో 1994లో అమెరికా చట్టం సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు అనుమతి అక్కర్లేదంది. జబ్బు నయమవుతుందని రాయకూడదు, "ఆరోగ్యకరమైన ప్రసరణకు తోడ్పడుతుంది" అనొచ్చు. యూరప్‌లో కొంత కట్టుదిట్టం ఉంది. అక్కడ రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ (ఫ్లేవనాయిడ్లలో ఒక రకం) నాళాలు విచ్చుకోవడానికి సాయపడతాయని 2012లో ఆహార భద్రత సంస్థ ఒప్పుకుంది.

నాళం విచ్చుకోవడం వేరు, గుండెపోటు తగ్గడం వేరు. దాన్ని తేల్చడానికి 21,442 మందితో కాస్మోస్ అనే పరీక్ష జరిగింది. సగటున మూడున్నరేళ్ల పైచిలుకు, సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది: గుండె, రక్తనాళాల జబ్బులు మొత్తంగా 10 శాతం తక్కువే, కానీ అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత తేడా కాదు. పరీక్ష అసలు ప్రశ్న అదే. పక్క ప్రశ్నల్లో ఒకటైన గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. డబ్బా మీద ఈ రెండు అంకెల్లో ఏది వేయాలని ఉంటుందో ఊహించడం కష్టం కాదు.