ఆయిల్ ప్రెషర్ పడిపోతే తప్పు పంపుదేనా? మోడిఫికేషన్ తరువాతి అపోహలు - వాస్తవాలు

ఆయిల్ కూలర్ బిగించుకున్నవారు, టర్బో కోసం సంప్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) రిటర్న్ పైపు వెల్డింగ్ చేయించుకున్నవారు, ఫిల్టర్‌ను వేరే చోటికి మార్చుకున్నవారు నా దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: “గేజిలో ముల్లు పడిపోయింది, పంపు పోయిందా?” అప్పటికే చాలామంది ఎవరో చెప్పిన మాట విని పంపు మార్చి ఉంటారు, లేదా చిక్కని ఆయిల్ పోసి ఉంటారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. ఇంజన్ చేసే ప్రతి చప్పుడూ బేరింగ్ చప్పుడులాగే వినిపించే రోజులవి. అయితే ఆ ఆందోళనను సొమ్ము చేసుకునే సలహాలను మాత్రం నేను సహించలేను.

అపోహ: ప్రెషర్ తగ్గిందంటే పంపు పాడైనట్టే, దాన్ని మార్చేవరకు చిక్కని ఆయిల్ పోస్తే సరిపోతుంది.

వాస్తవం: పంపు ఆయిల్‌ను తోస్తుంది, అంతే. ఆ ప్రవాహానికి బేరింగ్ సందుల్లోనూ గ్యాలరీల్లోనూ (ఇంజన్ లోపలి ఆయిల్ దారుల్లో) ఎదురయ్యే అడ్డే గేజిలో ప్రెషర్‌గా కనిపిస్తుంది. చిక్కని ఆయిల్ పోస్తే అడ్డు పెరిగి ముల్లు లేస్తుంది కాని, బేరింగ్‌కు అందే ఆయిల్ పెరగదు. పంపుకు వెళ్లే ఆయిల్‌ను వడగట్టే జల్లెడ, అంటే స్ట్రెయినర్, మూసుకుపోయి ఉంటే ఆ చిక్కని ఆయిల్‌ను పీల్చుకోవడం పంపుకు మరింత కష్టమవుతుంది. నిన్నటిదాకా బాగున్న ఇంజన్‌లో బేరింగ్ సందులు ఒక్క రాత్రిలో పెరగవు కనుక, ప్రెషర్ ఏ పని చేసిన రోజున తగ్గిందో ముందుగా ఆ పనినే అనుమానించాలి.

మొదట చేయవలసింది మెకానికల్ గేజి తగిలించి, ఆయిల్ 90 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన తరువాత కొలవడం. చల్లని ఇంజన్‌లో కనిపించే 4, 5 బార్‌లు ఏమీ రుజువు చేయవు. ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ ఉండాలన్నది పాత లెక్క. ఆయిల్ ఒత్తిడిని తామే మార్చుకునే పంపులున్న కొత్త ఇంజన్లకు అది వర్తించదు కనుక కంపెనీ మాన్యువల్‌లోని అంకెనే నమ్మాలి. సెన్సర్ ఎక్కడుందో కూడా చూడాలి. కూలర్‌కు, ఫిల్టర్‌కు ముందున్న సెన్సర్ అక్కడి ప్రెషర్‌ను మాత్రమే చెబుతుంది; బేరింగ్‌కు ఎంత అందుతోందో చెప్పదు. ఒకే వైరున్న సెన్సర్‌కు ఎర్త్ దాని మర ద్వారానే అందుతుంది. అక్కడ టెఫ్లాన్ టేపు మందంగా చుడితే గేజి తప్పు చూపుతుంది.

తరువాత ముల్లు కదలికను గమనించాలి. ఆర్‌పీఎం పెంచేకొద్దీ ప్రెషర్ పెరగకుండా తగ్గితే, సంప్ నుంచి పంపుకు ఆయిల్ అందించే పికప్ పైపు ఓ-రింగ్ (రబ్బరు వలయం) దగ్గర గాలి పీల్చడం, స్ట్రెయినర్ మూసుకుపోవడం, ఆయిల్ ఎక్కువై క్రాంక్ తగిలి నురగెత్తడం, ఈ మూడింటిలో ఒకటి కారణమై ఉండవచ్చు. మలుపుల్లో మాత్రమే పడిపోతే ఆయిల్ మట్టాన్ని, సంప్‌లో ఆయిల్ ఒక పక్కకు పోకుండా ఆపే బాఫిల్‌ను చూడాలి.

ఒక యువకుడు ఇలాగే వచ్చాడు. టర్బో రిటర్న్ వెల్డింగ్ కోసం సంప్ విప్పి బిగించిన వారానికే ప్రెషర్ తగ్గింది. వేరొక వర్క్‌షాపులో రెండుసార్లు పంపు మార్చి, 5డబ్ల్యూ-30 ఆయిల్ స్థానంలో అంతకంటే చిక్కనైన 20డబ్ల్యూ-50 పోశారు. ఇక్కడ సంప్ దించి చూస్తే స్ట్రెయినర్ నిండా సిలికాన్ ముక్కలున్నాయి. సంప్ తెరిచిన ప్రతిసారీ అంచున మరింత సిలికాన్ పూసి బిగించారు, లోపలికి ఒత్తుకున్న సిలికాన్ తెగి పంపు నోటికి చేరింది. కొత్త పంపు ప్రతిసారీ కొన్నాళ్లు పనిచేసి మళ్లీ బలహీనపడటానికి కారణం అదే. బేరింగ్ క్యాపులు విప్పినప్పుడు ఒక షెల్‌లో (బేరింగ్ రేకులో) రాగి పొర తేలి కనిపించింది. మొదటి వారంలోనే సంప్ దించి స్ట్రెయినర్ చూసి ఉంటే ఆ షెల్ మిగిలేదని అతనికి చెప్పవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

అపోహ: కూలర్ పెట్టాక ప్రెషర్ ఎక్కువై క్రాంక్ సీల్ నుంచి ఆయిల్ కారుతోంది.

వాస్తవం: క్రాంక్ సీళ్లకు, ట్యాపెట్ కవర్ గాస్కెట్‌కు పంపు ప్రెషర్ నేరుగా తగలదు, వాటిని లోపలి నుంచి నెట్టేది క్రాంక్‌కేస్‌లో (క్రాంక్ తిరిగే గదిలో) పేరుకున్న గాలి. ఆ గాలితో వచ్చే ఆయిల్‌ను పట్టే డబ్బా, అంటే క్యాచ్ క్యాన్, సన్నని గొట్టాలతో తగిలించినా, గాలి బయటికి పోయే బ్రీదర్ మూసినా ఆ గాలికి దారి ఉండదు. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటికి పలుచని ప్లాస్టిక్ గ్లోవ్ బిగించి చూడండి. అది బుడగలా ఉబ్బితే సీల్ మార్చినా మళ్లీ కారుతుంది.

అపోహ: ఏ ఫిట్టింగ్ కారినా టేపు చుట్టి గట్టిగా బిగిస్తే ఆగుతుంది.

వాస్తవం: ఆయిల్ గొట్టాలకు వాడే ఏఎన్ రకం ఫిట్టింగ్ మర చుట్ల వద్ద కాకుండా 37 డిగ్రీల కోనుపై సీల్ అవుతుంది, కనుక దానికి టేపు అక్కర్లేదు. తెగిన టేపు ముక్కలు గ్యాలరీలోకి పోతాయి కూడా. సెన్సర్ దగ్గర లీకైతే మర రకాన్ని చూడండి. పైపు మరల్లో రెండు రకాలున్నాయి: 1/8 బీఎస్‌పీకి అంగుళానికి 28 మరలు, 1/8 ఎన్‌పీటీకి 27 మరలు ఉంటాయి. ఒకదానిలో మరొకటి రెండు మూడు చుట్లు ఎక్కి పట్టుకున్నట్టే ఉంటుంది కాని, కారుతూనే ఉంటుంది, లేదా హౌసింగ్ చిట్లుతుంది. కూలర్ గొట్టాల కోసం ఇంజన్‌కు, ఫిల్టర్‌కు మధ్య బిగించే శాండ్‌విచ్ ప్లేటు దగ్గర కారితే పాత ఫిల్టర్ గాస్కెట్ అంటుకుని ఉందేమో ముందు చూడాలి.

సింథటిక్ ఆయిల్ వల్లే లీకులొస్తాయన్నది వట్టి పుకారు. లీకు ఆపే మందులు రబ్బరును కొంత ఉబ్బించగలవేమో గాని, తప్పు మరను సరిచేయలేవు. లీకు వెతికేటప్పుడు ఇంజన్‌ను కడిగి, కాసేపు నడిపి, అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున తడిసిన చోటును చూడండి; గాలికి ఆయిల్ వెనక్కి, కిందికి పాకుతుంది.

వార్నింగ్ లైటు వెలగలేదు కదా అని ధీమా పడవద్దు. చాలా కార్లలో ఆ స్విచ్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ వద్దకు పడిపోయాకే లైటు వెలిగిస్తుంది. వెలిగితే మాత్రం ఇంటిదాకా నెమ్మదిగా నడపవచ్చని ఎవరు చెప్పినా వినకుండా, సురక్షితమైన చోట ఆగి వెంటనే ఇంజన్ ఆపి టోయింగ్ చేయించండి. కొత్త గొట్టాలు బిగించాక తొలిసారి స్టార్ట్ చేసే ముందు ఇంధనాన్ని ఆపి, ముల్లు కదిలేదాకా కొద్దికొద్దిసేపు మాత్రమే స్టార్టర్‌తో ఇంజన్‌ను తిప్పాలి. కూలర్‌లోకి ఆయిల్ వెళ్లిపోతుంది కనుక ఇంజన్ ఆపి కొన్ని నిమిషాల తరువాత డిప్‌స్టిక్ మళ్లీ చూడాలి.