వాకిటి కచేరీలకు పంచుకున్న ఊళ్లు

నలుగురైదుగురు కళాకారులు, చుట్టూ ఒక వాడ జనం, మైకు అవసరం లేనంత దగ్గర. పల్లెల్లో ఇలాంటి చిన్న కచేరీలు మొదలుపెట్టాలని ఎవరైనా ఉత్సాహపడితే నాకు నవ్వొస్తుంది. వరంగల్ చుట్టుపక్కల ఇవి ఎన్నో తరాల నుంచి ఉన్నవే.

ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఒక బవనీడు, అంటే బైండ్ల కథకుడు, ఏకవీరాదేవి ఎదుట నిలబడి పరశురాముడి కథలు పాడతాడు. పరశురాముడి తల్లి రేణుకే మన ఎల్లమ్మ. బైండ్లవారు నేటికీ జమిడిక మీద చెప్పేది ఆమె కథే. జమిడిక అంటే ఒకవైపు తోలు మూసిన చిన్న వాద్యం, లోపలి నుంచి ఒకే ఒక్క తీగ. చంకలో ఇరికించుకుని, తీగ బిగువును చేత్తో మారుస్తూ మీటితే, అది కథకుడి మాటకు ఊఁ కొడుతున్నట్టే ఉంటుంది.

మల్లన్న కథ చెప్పే ఒగ్గు కథకు డోలు, తాళాలు, పక్కన వంత పాడేవారు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతాయి కనుక, ఒగ్గు కథకులకు అదే పెద్ద సీజను.

ఈ కచేరీలకు టికెట్టు లేదు, మిరాశీ ఉంది, అంటే ఫలానా ఊళ్ల మీద తరతరాల హక్కు. యక్షగానం ఆడే చిందువారికి మాదిగలు, పటం చూపి కథ పాడే కూనపులివారికి పద్మశాలీలు దాతలు. ఏ మేళానికి ఏయే ఊళ్లు దక్కుతాయో ముందే తేలిపోయి ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే పొలంతో పాటు ఊళ్లనూ పంచుకునేవారు. ఒకరి ఊళ్లో మరొకరు ఆడకూడదు. వచ్చిన మేళానికి కట్నం ఇవ్వడం దాతల బాధ్యత, అది భిక్ష కాదు. అయితే కులం మెట్ల మీద నిలబెట్టిన ఏర్పాటు కాబట్టి, దానిలోని అవమానాన్ని దాచి పొగడడం నాకు చేతకాదు.

సినిమా వచ్చి వీటిని చంపిందంటారు. అది సగం నిజమే. కూనపులివారిని చూడండి. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని దించి, ఒక్కో బొమ్మా చూపిస్తూ మార్కండేయ పురాణం పాడేవారు. మగ్గం కూడు పెట్టక పద్మశాలీలు భివండికి, సూరత్‌కు వలసపోయారు. పాడేవారు మానకముందే వినేవారు ఊరు విడిచారు.

ఆ తర్వాత ఆదరణ ప్రభుత్వ వేదికల మీదికి మారింది. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ దక్కింది. గౌరవం దక్కింది, సమయమే దక్కలేదు. రాత్రంతా నడిచే కథను పావుగంటలో ముగించమంటారు. ఒగ్గువారు మల్లన్నకు పట్నం, అంటే నేల మీద రంగుల ముగ్గు, వేయడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.